బీసీసీ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు: మధురవాడ అసోసియేషన్ సెక్రటరీ గారికి జవాబు

మీరు అడిగినవి రెండు సంగతులు. విశాఖ మధురవాడలో మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి కొత్తగా సెక్రటరీ అయ్యారు. 120 ఫ్లాట్ల వాళ్లకి మెయింటెనెన్స్ నోటీసు మెయిల్‌లో పంపాలి. అందరి ఐడీలూ బీసీసీలో, అంటే ఎవరెవరికి వెళ్లిందో అందుకున్నవాళ్లకి కనపడని గడిలో, పెట్టమని ఒకరంటే, అలా పంపితే దొంగచాటు వ్యవహారంలా ఉంటుందని ఇంకొకరు అడ్డుపడుతున్నారు. ఇక ఆఫీసులో మీ మేనేజర్ "వెండర్‌కి రాసేటప్పుడు నన్ను బీసీసీలో పెట్టు" అన్నారు. పెట్టొచ్చా, పెడితే అవతలి వాళ్లకి తెలిసిపోతుందా అన్నది రెండో ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. అసోసియేషన్ నోటీసు నిస్సందేహంగా బీసీసీలోనే పంపండి. మేనేజర్‌ని మాత్రం బీసీసీలో పెట్టకండి. మెయిల్ వెళ్లిన వెంటనే సెంట్ ఫోల్డర్‌లోంచి తీసి ఆయనకి ఫార్వర్డ్ చేయండి. ఒకే సదుపాయానికి ఒకచోట అవునని, ఇంకోచోట కాదని ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. పోర్టు చుట్టుపక్కల షిప్పింగ్ ఏజెన్సీలకీ, కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసులకీ మెయిల్ వ్యవస్థ చూడటం నా పని. అక్కడ పనంతా మెయిళ్ల మీదే నడుస్తుంది కాబట్టి బీసీసీ చేసే మేలూ, కీడూ చాలా దగ్గర్నుంచి చూస్తుంటాను.

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం అనుమానాలు పోతాయి. మెయిల్‌కి కూడా కవరూ, కవరులో ఉత్తరమూ విడివిడిగా ఉంటాయి. మనకి స్క్రీన్ మీద కనిపించే టూ (ఎవరికి రాస్తున్నామో), సీసీ (అందరికీ తెలిసేలా ఇంకెవరికి కాపీ ఇస్తున్నామో), సబ్జెక్టు ఇవన్నీ ఉత్తరం లోపలి రాతలు. పోస్టుమేన్ చూసేది కవరు మీది అడ్రసే. మీరు సెండ్ నొక్కగానే మీ మెయిల్ సర్వర్ అవతలి సర్వర్‌తో మాట్లాడుతుంది. ఇది ఎవరికి చేరాలో ఒక్కో అడ్రసుకీ ఒక్కో 'ఆర్‌సీపీటీ టూ' అనే ఆదేశం ఇస్తుంది. ఆ ఆదేశాల్లో ఇతను టూ, ఇతను సీసీ, ఇతను బీసీసీ అనే తేడా ఉండదు. అందరూ ఒకటే. ఆ తర్వాత ఉత్తరం అందిస్తుంది. ఆ ఉత్తరంలోంచి బీసీసీ పేర్ల వరస ముందే తీసేసి ఉంటుంది. అందువల్ల టూలో ఉన్న మనిషి జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' తెరిచి ఎంత వెతికినా బీసీసీ పేర్లు దొరకవు. దాచిపెట్టినవైతే దొరికేవి, అసలు ఆ కాపీలో లేనేలేవు. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. మెయిల్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణ పత్రాల్లో, 1977 నాటి ఆర్ఎఫ్‌సీ 733లోనూ, దాని స్థానంలో 1982లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 822లోనూ బీసీసీ ఉంది.

పంపినవాళ్ల దగ్గర మాత్రం పేర్లన్నీ మిగులుతాయి. మీ సెంట్ ఫోల్డర్‌లో మెయిల్ తెరిస్తే బీసీసీలో ఎవరెవరిని పెట్టారో కనిపిస్తుంది. ఆఫీసు మెయిల్ అయితే ఏ మెయిల్ ఏ అడ్రసుకి వెళ్లిందో కంపెనీ సర్వర్ లాగ్‌లో కూడా ఉంటుంది. నాలాంటి అడ్మిన్ కావాలంటే చూడగలడు. ఉద్యోగం మానేసే ముందు ఆఫీసు మెయిళ్లు సొంత జీమెయిల్‌కి బీసీసీ కొట్టుకునే కుర్రాళ్లున్నారు. రుషికొండ ఐటీ హిల్స్‌లో పనిచేసే మా చుట్టాలబ్బాయికి కూడా ఇదే చెప్పాను: బాబూ, కస్టమర్‌కి కనపడదు గానీ కంపెనీకి కనపడుతుంది, ఆ పని చేయకు.

ఇప్పుడు అసలు చిక్కు రిప్లైల దగ్గర వస్తుంది. మీరు వెండర్‌కి రాశారు, మేనేజర్ బీసీసీలో ఉన్నారు అనుకుందాం. వెండర్ రిప్లై ఆల్ (మెయిల్‌లో కనిపించే అందరికీ ఒకేసారి జవాబు) కొట్టినా మేనేజర్‌కి వెళ్లదు, ఎందుకంటే వెండర్ దగ్గరున్న కాపీలో ఆయన పేరే లేదు. అంటే మేనేజర్ మొదటి మెయిల్ ఒక్కటే చూస్తారు, తర్వాత ఏం నడిచిందో ఆయనకి తెలియదు. ఆయన కోరుకున్నదే సగం నెరవేరదు. దీనికి తిరగేసి చూడండి. బీసీసీలో ఉన్న మేనేజర్ ఊరికే రిప్లై కొడితే మీ ఒక్కరికే వస్తుంది. రిప్లై ఆల్ కొడితే మీకూ, టూలో ఉన్న వెండర్‌కీ, సీసీలో ఉన్న ప్రతివాళ్లకీ వెళ్తుంది. ఆ క్షణంలో బీసీసీ బట్టబయలు.

పోర్టు ఏరియాలో ఒక ఆఫీసులో ఇదే జరిగింది. కంటైనర్లు ఆలస్యంగా ఖాళీ అయినందుకు డిటెన్షన్ చార్జీలు ఎవరు భరించాలన్న గొడవ. ఎగ్జిక్యూటివ్ ట్రాన్స్‌పోర్టర్‌కి మర్యాదగా మెయిల్ రాసి, యజమానిని బీసీసీలో పెట్టాడు. యజమాని బయట ఎక్కడో ఉన్నారు, ఫోన్‌లో చూశారు. మామూలు మెయిలే అనుకుని రిప్లై ఆల్ నొక్కి "వీళ్లకి ఇంకో రూపాయి ఇవ్వొద్దు, నాలుగు రోజులు తిప్పు" అని రాసి పడేశారు. అది నేరుగా ట్రాన్స్‌పోర్టర్ ఇన్‌బాక్స్‌లో వాలింది. ఆయనకి డబ్బు మాటకంటే "అయితే మొదట్నుంచీ వెనకాల కూర్చుని చదువుతున్నారా?" అన్నదే ఎక్కువ తగిలింది. ఆ తర్వాత ఆయన ఆ ఆఫీసుకి మెయిల్ రాయడమే మానేశారు. అంతా ఫోన్‌లోనే. ఇంకొన్నాళ్లకి రేట్ల మీద తగాదా వస్తే చూపించడానికి ఒక్క కాగితం ముక్క లేకపోయింది, రెండు వైపులా.

ఫోన్‌లో ఇలాంటిది జరగడం చాలా తేలిక. జీమెయిల్ సెట్టింగ్స్‌లో మామూలు రిప్లైకి బదులు రిప్లై ఆల్‌నే డిఫాల్ట్‌గా పెట్టుకునే వీలుంది, చాలామంది అలా పెట్టుకుంటారు కూడా. అవుట్‌లుక్‌లో "మీ అడ్రసు దాచి పంపారు, రిప్లై ఆల్ కొడితే అందరికీ తెలుస్తుంది" అనే అర్థంలో ఒక హెచ్చరిక వస్తుంది. అన్ని యాప్‌లలో అలా వస్తుందని నమ్ముకోవద్దు. అదే ఫార్వర్డ్ చేశారనుకోండి, మేనేజర్ ఏ బటన్ నొక్కినా జవాబు మీ దాకానే వస్తుంది. పైగా ఫార్వర్డ్‌లో "సార్, ఈ రెండో పాయింట్ చూడండి" అని ఒక మాట రాసే వీలు కూడా ఉంటుంది. మీ మేనేజర్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు. "బీసీసీలో పెడితే పొరపాటున రిప్లై ఆల్ వెళ్లే ప్రమాదం ఉంది సార్, పంపిన నిమిషంలో ఫార్వర్డ్ చేస్తాను, వాళ్ల జవాబు రాగానే అదీ పంపిస్తాను" అనండి. కాదనే మేనేజర్‌ని నేనింతవరకు చూడలేదు. ఆయన నిజంగా ఆ సంభాషణలో ఉండాలనుకుంటే సీసీలో పెట్టండి. వెండర్‌కి కనిపిస్తే కనిపించనివ్వండి. సీసీలో పై అధికారి పేరు చూస్తే జవాబు కూడా త్వరగా వస్తుంది.

నేను పాటించే పద్ధతి ఒకటుంది. బీసీసీ సంగతి అవతలి మనిషికి రేపు తెలిసిందనుకోండి, "మంచి పని చేశారు" అంటారా, "నా వెనకాల ఇదా?" అంటారా? అందుకున్నవాళ్ల అడ్రసులు కాపాడటానికి పెట్టిన బీసీసీ ఎప్పుడు బయటపడినా ఎవరూ నొచ్చుకోరు. ఒక మనిషి మాటలు ఇంకొకరికి చాటుగా చూపించడానికి పెట్టింది బయటపడితే నమ్మకం పోతుంది. మీ రెండు ప్రశ్నలకీ జవాబులు వేరు కావడానికి కారణం ఇదే.

ఇక అసోసియేషన్ సంగతి. 120 మంది ఐడీలు టూలో పెట్టి పంపితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. అందులో అమెరికాలో ఉండి ఫ్లాటు అద్దెకిచ్చినవాళ్లుంటారు, ఒంటరిగా ఉండే పెద్దావిడ ఉంటారు, పోలీసు ఉద్యోగి ఉంటారు. వాళ్లెవరూ తమ మెయిల్ ఐడీ మిగతా 119 మందికి ఇవ్వమని మీకు చెప్పలేదు. ఆ జాబితా ఒక్క ఫార్వర్డ్‌తో బయటికి పోతే, ఎండాడ వెంచర్ దగ్గర్నుంచి ఇంటీరియర్ డిజైన్ దాకా ప్రతి ప్రకటనా వాళ్ల ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. ఎవరో ఒకరు రిప్లై ఆల్ కొట్టి "లిఫ్ట్ సంగతి తేల్చకుండా మెయింటెనెన్స్ ఏంటి?" అంటారు. దానికి ఇంకొకరి జవాబు. సాయంత్రానికి 40 మెయిళ్లు. చివరికి మీ నోటీసులో కట్టాల్సిన తేదీ ఏంటో ఎవరికీ గుర్తుండదు. బీసీసీలో పంపితే ఎవరేం రాసినా మీ ఒక్కరికే వస్తుంది.

దొంగచాటు అన్న ఆయనకి మంచి జవాబు ఉంది. మెయిల్ మొదటి వాక్యంలోనే "ఈ నోటీసు 120 ఫ్లాట్ల యజమానులకీ పంపుతున్నాం, ఎవరి మెయిల్ ఐడీ ఇంకొకరికి కనిపించకుండా బీసీసీలో పెట్టాం" అని రాయండి. ఇంక దాపరికం ఎక్కడుంది? ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, అది వేరే చోట వర్తిస్తుంది. జనరల్ బాడీ అజెండా మీద అభిప్రాయాలు అడిగేటప్పుడు, పెయింటింగ్ కాంట్రాక్టు ఎవరికివ్వాలో చర్చించేటప్పుడు బీసీసీ పనికిరాదు. అక్కడ ఒకరి అభ్యంతరం ఇంకొకరికి తెలియాలి. అన్ని జవాబులూ సెక్రటరీ ఒక్కరి దగ్గరే ఆగిపోతే అందరూ ఒప్పుకున్నారని ఆయన చెప్పిందే నిజమైపోతుంది. చర్చకి గూగుల్ గ్రూప్ లాంటిది పెట్టండి, లేదా మీటింగ్ పిలవండి. కమిటీ సభ్యుల మధ్య మెయిళ్లు టూ, సీసీల్లో బాహాటంగా నడవాలి.

పంపే పద్ధతి చెప్తాను. కంప్యూటర్‌లో జీమెయిల్ అయితే కంపోజ్ తెరిచి టూ పక్కన ఉన్న బీసీసీ నొక్కండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, బీ మూడూ కలిపి నొక్కండి. ఫోన్‌లో టూ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, అది నొక్కితే సీసీ, బీసీసీ తెరుచుకుంటాయి. అవుట్‌లుక్‌లో బీసీసీ గడి మామూలుగా కనపడదు, ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. టూలో అసోసియేషన్ ఐడీనే పెట్టండి. టూ ఖాళీగా వదిలినా మెయిల్ వెళ్తుంది గానీ, ఎవరికి వచ్చిందో తెలియని మెయిల్ చూస్తే స్పామ్ ఫిల్టర్లకీ అనుమానం, మనుషులకీ అనుమానం. కాంటాక్ట్స్‌లో 'ఓనర్స్' అని ఒక లేబుల్ పెట్టి 120 ఐడీలూ అందులో చేర్చుకుంటే ప్రతిసారీ ఒక్కొక్కటీ ఎక్కించే బాధ తప్పుతుంది. ఆ లేబుల్ పేరు మాత్రం బీసీసీ గడిలోనే టైప్ చేయండి. ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే, అలవాటుగా చెయ్యి టూ మీదికి పోతుంది. సొంత జీమెయిల్ ఖాతా నుంచి ఒక మెయిల్‌కి 500 మందికి మించి పంపలేరు, మీ 120కి ఇబ్బంది లేదు.

ఇక్కడ చాలామంది ఆలోచించని విషయం ఒకటుంది. అడ్రసులు ఎంత జాగ్రత్తగా బీసీసీలో పెట్టినా, బాకీల ఎక్సెల్ షీట్ అటాచ్ చేస్తే అంతా వృథా. ఫలానా ఫ్లాటు వాళ్లు ఏడు నెలలుగా కట్టలేదని 120 ఇళ్లకి తెలుస్తుంది. బీసీసీ ఎవరెవరికి పంపామో ఆ అడ్రసులనే దాస్తుంది, మెయిల్ లోపలున్నదాన్ని కాదు. ఉమ్మడి నోటీసులో గడువు, ఫ్లాటు సైజుని బట్టి రేటు, బ్యాంకు వివరాలు మాత్రమే రాయండి. ఎవరి బాకీ వాళ్లకి తెలియజేయాలంటే మెయిల్ మెర్జ్ వాడండి. వర్డ్‌లో లెటర్ ఒకటి తయారుచేసి, ఎక్సెల్ జాబితాకి కలిపి, అవుట్‌లుక్ ద్వారా పంపితే ప్రతి ఒక్కరికీ వాళ్ల పేరు, వాళ్ల మొత్తంతో విడి మెయిల్ వెళ్తుంది. మొదటిసారి కొంచెం తికమకగా ఉంటుంది, ఒక పూట కూర్చుంటే వచ్చేస్తుంది.

వాట్సాప్‌లో కూడా ఇదే తేడా ఉంది. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఎవరికి వాళ్లకి విడిగా వచ్చినట్టుంటుంది, జవాబు మీకే వస్తుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పట్టొచ్చు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది.

ఇంత చిన్న గడికి ఇంత టెన్షన్ ఎందుకని ఎవరైనా అంటే ఈ రెండు సంగతులు చెప్పండి. 2015 సెప్టెంబరులో లండన్‌లోని ఒక క్లినిక్ తన హెచ్ఐవీ సేవలు వాడుకునేవాళ్లకి పంపే వార్తాలేఖని బీసీసీలో కాకుండా టూలో పెట్టి పంపింది. 781 మంది అడ్రసులు ఒకరివి ఒకరికి కనిపించాయి, అందులో 730 అడ్రసుల్లో పూర్తి పేర్లే ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. రెండోది ఇంకా భయంకరం. అఫ్గానిస్తాన్ తాలిబన్ల చేతికి వెళ్లాక, 2021 సెప్టెంబరులో అక్కడ మిగిలిపోయి సాయం కోసం ఎదురుచూస్తున్న 245 మందికి బ్రిటన్ రక్షణ శాఖ టూలో పెట్టి మెయిల్ పంపింది. బ్రిటిష్ సైన్యంతో పనిచేశారని తెలిస్తే ప్రాణాలకే ముప్పు ఉన్నవాళ్లు వాళ్లు. వాళ్లలో ఇద్దరు రిప్లై ఆల్ కొట్టారు, ఒకరు తాను ఎక్కడున్నదీ కూడా రాశారు. 2023 డిసెంబరులో ఆ శాఖకి 3,50,000 పౌండ్ల జరిమానా వేశారు. రెండుచోట్లా జరిగింది ఒక గడికి బదులు ఇంకో గడిలో పేర్లు పెట్టడమే. అందుకే రోగుల వివరాలు, కేసుల వివరాలు లాంటివాటికి బీసీసీని కూడా నమ్ముకోవద్దనేది నా అభిప్రాయం. చెయ్యి ఒక్కసారి జారితే అంతే. అలాంటివి మెయిల్ మెర్జ్‌లోనో, ఒక్కొక్కరికీ విడిగా పంపే సర్వీసు ద్వారానో వెళ్లాలి. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం భద్రత విషయంలో నిర్లక్ష్యానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

ఆఫీసు పనిలో బీసీసీ నిజంగా అక్కరకొచ్చే చోటు కొటేషన్లు అడగడం. పరవాడ ఫార్మా యూనిట్ నుంచి కంటైనర్ టెర్మినల్‌కి లోడు తరలించాలి, అయిదుగురు ట్రాన్స్‌పోర్టర్లని రేటు అడుగుతున్నారు. అయిదుగురినీ టూలో పెడితే వాళ్లు ఒకరికొకరు ఫోన్ చేసుకుని రేటు ఒకే దగ్గర కట్టేస్తారు. బీసీసీలో పెట్టి, "మరికొందరిని కూడా అడుగుతున్నాం" అని ఒక మాట రాస్తే నిజాయితీగానూ ఉంటుంది, రేట్లూ విడివిడిగా వస్తాయి. ఇంకో మంచి వాడకం, ఇద్దర్ని పరిచయం చేసిన పెద్దమనిషిని తర్వాతి మెయిళ్ల నుంచి తప్పించడం. "పరిచయం చేసినందుకు కృతజ్ఞతలు సార్, మిమ్మల్ని బీసీసీకి మారుస్తున్నాను" అని పైకే రాసి మార్చేస్తే, ఆ ఒక్క మెయిల్ చూసుకుని ఆయన నిశ్చింతగా పక్కకి జరుగుతారు.

మీకే ఎప్పుడైనా టూలో, సీసీలో మీ పేరు లేకుండా మెయిల్ వస్తే, అది ఏదైనా గ్రూప్ ఐడీకి వచ్చింది కాకపోతే, చాలావరకు మీరు బీసీసీలో ఉన్నారని అర్థం. జీమెయిల్‌లో పంపినవాళ్ల పేరు కింద వివరాలు తెరిస్తే సాధారణంగా అది కనపడుతుంది. తెలిసినవాళ్ల నుంచి వస్తే రిప్లై ఆల్ జోలికి పోకండి, చెప్పాల్సింది ఉంటే పంపినవాళ్లకే చెప్పండి. తెలియనివాళ్ల నుంచి, అందులోనూ లింకు నొక్కమనో, బ్యాంకు కేవైసీ అనో వస్తే అది మోసగాళ్లు వేలమందికి ఒకేసారి విసిరిన వల అనుకోవాలి.

పొరపాటున అందరినీ టూలో పెట్టి పంపేస్తే? జీమెయిల్‌లో అన్‌డూ సెండ్ ఉంది. సెట్టింగ్స్‌లో దాని సమయం 30 సెకన్లకి పెంచుకోండి, ఈరోజే. ఆ సమయం దాటితే మెయిల్ వెనక్కి రాదు. అవుట్‌లుక్‌లో రీకాల్ ఉన్నా అది అదే సంస్థలోని వాళ్లకే పనిచేస్తుంది, బయటి జీమెయిల్‌కి వెళ్లింది పోయినట్టే. కంగారులో "పై మెయిల్ పట్టించుకోవద్దు" అని మళ్లీ రిప్లై ఆల్ కొట్టకండి, జాబితా రెండోసారి అందరి ముందుకీ వస్తుంది. కొత్త మెయిల్ తెరిచి, అందరినీ బీసీసీలో పెట్టి, జరిగింది చెప్పి, ఆ మెయిల్ డిలీట్ చేయమని, రిప్లై ఆల్ కొట్టవద్దని కోరండి.

మొదటి నోటీసు పంపే ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లోవాళ్ల ఐడీలు రెండు, వీలైతే ఒకటి జీమెయిల్‌దీ ఒకటి వేరేదీ, బీసీసీలో పెట్టి మీకే ఒక మెయిల్ పంపుకోండి. మూడు ఇన్‌బాక్స్‌లూ పక్కపక్కన తెరిచి ఎవరికి ఏం కనపడుతోందో చూడండి. వాటిలో ఒకదాని నుంచి రిప్లై ఆల్ కొట్టి అది ఎక్కడెక్కడికి వెళ్లిందో కూడా చూడండి. ఆ తర్వాత నోటీసు డ్రాఫ్టులో ఏదైనా సందేహం ఉంటే, ఐడీలు తీసేసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.